నాలుగు పదులూ ఓ రెండూ

మా బావ మారథాన్‌కు తయారవుతున్నాడు. ఇది మూడో ఏడు. గురి విశాఖ నేవీ మారథాన్ మీద, అందులోనూ పూర్తి దూరం మీద: 42.195 కిలోమీటర్లు. ఇంతవరకూ ఆయన పరుగెత్తినవాటిలో పెద్దది పది. అయితేనేం, పదులు మాత్రం బోలెడు. ఐదులకైతే లెక్కే లేదు. మధుమేహం పేరు మీద, ఓటు హక్కు పేరు మీద, పచ్చదనం పేరు మీద ఎవరు పరుగు పెట్టినా, ఛాతీకి నంబరు కాగితం గుచ్చుకుని తెల్లారేసరికి ఆర్కే బీచ్‌లో ప్రత్యక్షం. “ఇవన్నీ ట్యూనప్ రేసులు బామ్మర్దీ. కచేరీకి ముందు శ్రుతి చూసుకోరూ?” అంటాడు. చూసుకుంటారు. మూడేళ్లపాటు తంబురా బిరడాలే తిప్పుతూ కూర్చోరు.

మొన్న చలికాలం ఈ శ్రుతి అరకు దాకా వెళ్లింది. అక్కడ పది కిలోమీటర్ల కొండ పరుగని ఎవరో ప్రకటించారు. కిరండూల్ పాసింజరులో అద్దాల బోగీ టికెట్లు తీసి, సామాను మొయ్యడానికి నన్నూ వెంటేసుకున్నాడు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలతోపాటు తనూ కేకేశాడు. శిమిలిగూడ స్టేషన్లో బోర్డు చూసి పులకించిపోయాడు. సముద్రమట్టానికి 996 మీటర్లు! “హై ఆల్టిట్యూడ్ ట్రైనింగంటే ఇదే. కెన్యా వాళ్లకి ఇటెన్ ఎలాగో మనకి అరకు అలాగ.” ఇటెన్ ఎత్తు దాదాపు 2,400 మీటర్లు. అరకులోయ తొమ్మిదొందల పైచిలుకు. బెంగళూరూ ఇంచుమించు అంతే. ఆ ఎత్తు గాలికే ఊపిరితిత్తులు గట్టిపడేటట్లయితే, సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లందరి మెడలోనూ ఈపాటికి ఒలింపిక్ పతకాలు వేలాడాలి.

చిన్న రేసులు తప్పని నేననను. మారథాన్‌కు సిద్ధమయ్యేవాడు నడుమ ఒకటో రెండో పరుగెత్తితే మంచిదే. కొత్త బూటు ఎక్కడ కరుస్తుందో, పొద్దున్నే తిన్న అరటిపండు కడుపులో ఏం గొడవ చేస్తుందో, మొదటి కిలోమీటరులో జనాన్ని చూసి ఎంత రెచ్చిపోతామో అక్కడే తెలుస్తుంది. మా బావ దగ్గర చిక్కల్లా ఏమిటంటే, ప్రతి పదీ ఆయనకు ప్రపంచ యుద్ధమే. రేసు కోసం శుక్ర, శనివారాలు విశ్రాంతి. ఆదివారం ప్రాణాలకు తెగించి పరుగు. ఆ తర్వాత పరుగుల వాళ్లలో ఓ పాత సూత్రం ఉంది: పోటీలో ఎన్ని మైళ్లు పరుగెత్తితే అన్ని రోజులు ఒళ్లు అలవకుండా చూసుకోవాలని. పది కిలోమీటర్లంటే ఆరు మైళ్ల పైమాట. ఆరు రోజులు తేలిగ్గా కాళ్లాడించేసరికి శనివారం. మర్నాడు ఇంకో రేసు. ఇక మారథాన్ సాధన దేవుడెరుగు, ఆయన పంచాంగంలో దానికి తిథే దొరకదు.

దొరకనిది ఆదివారం పొద్దుటి పొడుగు పరుగు. ఇరవై ఎనిమిది, ముప్ఫై కిలోమీటర్లు, ఒంటరిగా, చప్పట్లు లేకుండా, నీళ్లు మనమే మోసుకుంటూ, నత్తనడకన. కాలేయంలో, కండల్లో దాచుకున్న గ్లైకోజెన్ చాలామందికి ముప్ఫయ్యో కిలోమీటరు ప్రాంతంలో అడుగంటుతుంది. అక్కడ తగిలేదాన్నే ‘గోడ’ అంటారు. మారథాన్ అనే పరీక్షలో ప్రశ్నపత్రం నిజానికి అక్కడే చేతికిస్తారు. పది కిలోమీటర్ల పరుగులు నూరు పరుగెత్తినా ఆ గోడ నీడ కూడా కనపడదు. మా బావ లెక్క వేరు: “నాలుగు పదులు అయిపోయాయనుకో, ఇక మిగిలింది ఓ రెండే కదా!” వాయిదాల్లో కొనడానికి ఇదేమైనా ఫ్రిజ్జా?

ఎదురు చెబితే జాటోపెక్‌ను బయటికి తీస్తాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్. పదివేల మీటర్లు గెలిచి, ఐదువేలు గెలిచి, ఆపైన జీవితంలో మొట్టమొదటి మారథాన్‌కు దిగి అదీ గెలిచాడు. “చూశావా? చిన్నవి ముందు, పెద్దది తర్వాత!” చూశాను. ఎనిమిది రోజుల్లో ముగించాడాయన. దాని వెనక సైనిక బూట్లతో రోజూ పదుల కొద్దీ నాలుగొందల మీటర్ల పరుగులున్నాయి. మా బావ వెనక నేనున్నాను, తువ్వాలు పట్టుకుని.

అరకులో ఆ రోజు పరుగు బాగానే జరిగింది. మైకులో ఒకాయన “కొండబిడ్డల ఊపిరితో పరుగెత్తండి” అని ఒకటే ఊదర. రోడ్డు లేని ఊళ్లనుంచి నిండు గర్భిణుల్ని డోలీలో మోసుకొస్తున్నది ఆ ఊపిరితోనే. వాళ్ల కాలికి టైమింగ్ చిప్పు ఎవరూ కట్టరు. సరే. సంతకు ఓ కిలోమీటరు ఇవతల గాలి నింపిన కమాను నిలబెట్టారు. దాని కింద మా బావ మోకాళ్లు పట్టుకుని వగరుస్తున్నాడు. అటుగా కావడిలో రెండువైపులా అల్లం బుట్టలు పెట్టుకుని వస్తున్న పెద్దాయన జాలిపడి ఆగాడు.

“సంత ఇంకా అవతలుంది బాబూ. ఇక్కడే ఆగిపోనారేటి?”

“అయిపోయింది తాతా. ఇక్కడిదాకే.”

ఆయన కమాను వంకా, బావ మెడలోని పతకం వంకా చూశాడు. కావడి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. వెనకనుంచి బావ తీసిన ఫొటోలో కావడి బద్ద కొసే పడింది.

ఇంటికొచ్చాక పతకం అక్క చేతికి వెళ్లింది. ఆవిడ ఏ వస్తువునీ వృథా పోనివ్వదు. బిళ్లలన్నీ బియ్యం డబ్బా వెనక ఓ సంచిలో ఉంటాయి, రిబ్బన్లు ఊరగాయ జాడీలకు వాసెన కట్టడానికి. మాగాయకు నీలం, గోంగూరకు పసుపు, నిమ్మకాయకు తెలుపు. కొత్త రిబ్బనును రెండు వేళ్లతో సాగదీసి చూసింది.

“ఇదీ పొట్టిదే. ఆవకాయ జాడీకి రెండు చుట్లు కూడా రాదు. ఆ నలభై రెండుదెప్పుడు తెస్తారండీ?”

బావ ఫోన్లోంచి తలెత్తలేదు. వచ్చే ఆదివారం అనకాపల్లిలో ఐదు కిలోమీటర్లట. రుసుం కట్టేస్తున్నాడు.