మా నాన్న సిగరెట్ తింటాడు

1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ దొర పుట్టింది కలకత్తాలోనే, 1798లో. ఆ ఊళ్ళో కూర్చుని మా అమ్మాయికి నేను ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. చూడ్డానికి ఆయన లేకపోవడమే మంచిదైంది.

మాది లేక్ మార్కెట్ దగ్గర అద్దె ఇల్లు. అరిటాకులు, మల్లెపూలు, ఫిల్టర్ కాఫీ పొడి అన్నీ దొరికే చోటు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే బెంగాలీ. ఇక ఇంగ్లీషంటారా, అది స్కూల్లోనూ, నా దగ్గరానూ. నాదేమో తెలుగు మీడియం. మనకు ఆర్టికల్స్ లేవు గనక 'ఏ'లూ 'ద'లూ తిరగమోతలో జీలకర్రలా చేతికొచ్చినన్ని వేస్తాను. సెలవు చీటీ రాయబోతే 'టుడే మార్నింగ్' అనే మొదలవుతుంది. ఇవాళ పొద్దున జ్వరం వస్తే మరింకెలా రాయాలి?

అయినా అమ్మాయి తప్పులన్నీ బెంగాలీ ఖాతాలోనే వేసేవాణ్ణి. ఓసారి అమ్మమ్మ గురించి రాస్తూ 'హీ మేక్స్ పికిల్స్' అంది. "చూశావా! బెంగాలీలో అతనన్నా ఆమె అన్నా 'షే' ఒక్కటే. అదీ సంగతి" అని మా ఆవిడకు పాఠం చెప్పాను. కింది పేరాలో 'టేబుల్ గీబుల్' కనబడింది. బెంగాలీవాళ్ళ జంటమాటలో వచ్చేది 'ట': చా-టా అంటారు. 'గీ' అచ్చంగా మనది, ఇంకా చెప్పాలంటే మా వంశానిది. ఆ పేరా పైకి చదవలేదు.

అసలు గొడవ 'మై ఫాదర్' అనే వ్యాసంతో వచ్చింది. అందులో ఒక వాక్యం: 'మై ఫాదర్ ఈట్స్ సిగరెట్ ఆన్ ద రూఫ్.' మానేశానని మా ఆవిడతో వెంకన్న మీద ఒట్టేసి ఉన్నాను.

"ఏమండీ, ఇదేమిటి?"

"వ్యాకరణ దోషం" అన్నాను. బెంగాలీలో నీళ్ళయినా పొగయినా 'ఖావా'యే, అంటే తినడమేనని వివరించాను. నేర్చుకునేవాళ్ళు సొంత భాషకూ కొత్త భాషకూ నడుమ తమదైన ఒక భాష కట్టుకుంటారనీ, దానికి లారీ సెలింకర్ అనే పండితుడు 1972లోనే 'ఇంటర్‌లాంగ్వేజ్' అని పేరు పెట్టాడనీ కూడా చెప్పాను. అదంతా నిజమే.

"ఆ పండితుడూ డాబా మీదే తినేవాడా?"

"అది కాదే. మన పిల్ల తెలుగులో ఆలోచిస్తే 'డ్రింక్స్' అని రాసేది. మనం సిగరెట్ తాగుతాం గానీ తినం కదా! 'ఈట్స్' అందంటే అది ఎదురింటి బెంగాలీ ఆయన గురించే."

"పైన 'మై ఫాదర్' అని ఉంది."

టీచరమ్మ 'ఈట్స్' కొట్టేసి ఎర్ర సిరాతో 'స్మోక్స్' అని దిద్దింది. సిగరెట్‌ను బహువచనం చేసింది, అది నాకు మరీ అన్యాయమనిపించింది. తక్కిన వాక్యానికి రైటు కొట్టింది. అందులో 'ద' పడాల్సిన చోటే పడింది, నేను నేర్పిందే, ఎవరూ మెచ్చుకోలేదు.

ఇప్పుడు ఇంగ్లీషు నోటుపుస్తకం వాళ్ళమ్మ చూస్తోంది. నాకు లెక్కలు అప్పగించారు. డాబా తాళం కూడా ఆవిడ దగ్గరే ఉంది.