గురి తప్పిన దరఖాస్తు

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక సర్కారు వారు పెడతారా? 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్ పిస్టల్‌తో రెండు కంచు పతకాలు కొట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక ఒకే ఒలింపిక్స్‌లో రెండు తెచ్చిన భారతీయులు అంతకుముందు లేరు. ఊరూవాడా టీవీలో చూసిందే. తీరా డిసెంబరులో ఖేల్‌రత్న పురస్కారానికి వినిపించిన పేర్లలో ఆమె పేరే లేదు! దరఖాస్తు పెట్టలేదని క్రీడాశాఖ వర్గాలు, పెట్టామని ఇంట్లోవాళ్లు. నామినేషన్‌లో తన వైపే పొరపాటు జరిగి ఉండొచ్చని చివరికి ఆమే అంది, పాపం. పది మీటర్ల దూరాన అరంగుళం కూడా లేని నడిచుక్కను కొట్టే చేతికి పోర్టల్‌లో ‘సబ్మిట్’ మీట చిక్కలేదన్నమాట!

గోల గోలయ్యాక పేరు చేరింది. 2025 జనవరి 17న రాష్ట్రపతి చేతుల మీదుగా ఖేల్‌రత్నా అందింది. ఇక మీదట ఒలింపిక్స్‌కు కోచ్‌తోపాటు మీసేవ కుర్రాణ్ణి కూడా వెంటబెట్టుకెళ్లడం మేలు. జనగణమన అయ్యీ అవకముందే అడుగుతాడు: ‘‘మేడమ్, ఓటీపీ వచ్చిందా?’’