పెట్టెలోనే తాళపుచెవి

శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడను దొంగ, చారుదత్తుని యింటికి కన్నము వేయబోవుచు, గోడ యెట్టి యిటుకతో కట్టినది, కన్నము పద్మాకారముగా నుండవలెనా, బాలచంద్రునివలె నుండవలెనా, పూర్ణకుంభమువలె నుండిన శోభించునా యని శిల్పివలె తర్కించి, కొలత్రాడు మరచి వచ్చినందున తన జన్నిదముతోనే కొలుచుకొని, అంత శ్రమకోర్చి లోన ప్రవేశించును. అందులో నూరవపాలు శ్రమయైనను లేకుండ, మొన్నటి శుక్రవారమునాడు కోఠి పోవు సిటీబస్సులో నొక యువకుడు నా చొక్కాజేబునుండి నా యావదాస్తిని రెండువ్రేళ్లతో పైకి తీసికొని, తరువాతి స్టాపులో దిగిపోయెను. విద్యలు క్షీణించుచున్నవని పెద్దలు వగచుట ఊరకే కాదు.

న్యాయముగా చెప్పవలెనన్న, ఆతడు పడవలసిన శ్రమనంతయు నేనే మూడేండ్లుగా పడి యుంటిని. నా ఫోనుకొక తోలు పౌచ్ కలదు. అందు ముందుగా శ్రీ వేంకటేశ్వరస్వామివారి చిన్నపటము, స్వామి వెనుక డెబిట్ కార్డు, కార్డు వెనుక ఆధార్ జిరాక్సు, ఇవి జారిపోకుండ పైనొక రబ్బరుబ్యాండు. నాలుగంకెల పిన్నుకు పదివేల విధములు గలవని తెలిసియు, నేను మరువనిదని నా జన్మసంవత్సరమునే ఫోనుకు పెట్టుకొంటిని. అది జిరాక్సుపై అచ్చుపడి యున్నదను సంగతి నాకెన్నడును తోచలేదు. ఆతనికి జిరాక్సు చూడవలసిన పనియు లేకపోయెను. బస్సులో నా వెనుక నిలుచుండి, నేను నిమిషమున కొకమారు అంకెలు నొక్కి వాట్సాపు తెరచుచుండగా, పురాణశ్రవణము చేయువానివలె భక్తితో చూచుచుండెనని ప్రక్కసీటు పెద్దమనిషి తరువాత సెలవిచ్చెను. ముందు సెలవీయకపోవుటకు కారణము, మర్యాద.

యూపీఐకి వేరుగా మరియొక పిన్ను కలదుగదా యని నేను కొంతసేపు ధైర్యముగా నుంటిని. ఆ పిన్నును మార్చుటకు డెబిట్ కార్డుమీది చివరి ఆరంకెలు, దాని గడువుతేది, సిమ్ముకు వచ్చు ఓటీపీ చాలునట. కార్డు స్వామివారి వెనుక నుండెను. సిమ్ము ఫోనులోనే యుండెను. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్నును గూడ అడుగునట. దానిని నేనెవరికిని తెలియకుండ కాంటాక్టులలో 'ఏటీఎం అప్పారావు' అను పేర భద్రపరచితిని. అట్టి యింటిపేరుగల బంధువు ఎవ్వరికి నుండడని గ్రహించుటకు దొంగకు శాస్త్రజ్ఞానము అవసరము లేదు.

ఈ దేశమున తాళము తెలియనివారెవ్వరు? మా యింట బీరువాకొక తాళము, లోపలి అరకొక తాళము, అరలోని పెట్టెకొక తాళము, ఆ గుత్తి రాత్రింబవళ్లు మా ఆవిడ నడుమున. ఆ పెట్టెలో నేమున్నదో యొకమారు చూచితిని: ఇరువదేండ్ల క్రిందటి ప్రెషర్ కుక్కరు గ్యారంటీకార్డు.

ఇక దొంగతనము తరువాతి కథ. బస్సు దిగినచోట కిరాణాకొట్టు యజమాని దయతలచి తన ఫోను చేతికిచ్చెను. ఎవరికి చేయవలెను? కుమారుని నంబరు ఫోనులో నున్నది. భార్య నంబరు ఫోనులో నున్నది. నాకు కంఠస్థమైన నంబరు, పదునైదేండ్ల క్రిందట వాపసుచేసిన మా లాండ్‌లైనుది ఒక్కటే. ఆటోలో ఇల్లుచేరి, మా ఆవిడ ఫోనునుండి బ్యాంకుకు చేసితిని. ఆ బ్యాంకు పేరేల? సంగీతము పండ్రెండు నిమిషములు వినిపించిన పిమ్మట ఒక అమ్మాయి పలికెను.

"వెరిఫికేషన్ కోసం మీ రిజిస్టర్డ్ మొబైల్‌కి ఓటీపీ పంపాను సార్, చెప్పండి."

"అమ్మా, ఆ మొబైలే పోయింది. నీ ఓటీపీ ఇప్పుడు దొంగ చదువుకుంటున్నాడు."

"సరే సార్. మొబైల్ దగ్గర పెట్టుకుని మళ్లీ కాల్ చేయండి."

కుమారుడు లాప్‌టాప్ తెరచి, పోయిన ఫోను ఎచ్చటనున్నదో చూచి దూరమునుండియే తాళము వేయుదమనెను. గూగుల్‌వారు నేనే నేనని నమ్ముటకు, నా ఫోనులో 'అవును' అని నొక్కుమనిరి. అవతల ఆతడు 'కాదు' అని నొక్కెను. అపరిచితులను నమ్మవలదను బ్యాంకువారి హెచ్చరికను నాకంటె శ్రద్ధగా ఆతడే పాటించుచున్నాడు. ఇట్టి ఆపదకని పది బ్యాకప్ కోడులు ముందుగానే యిత్తురు. నేనును తీసికొంటిని. ఫోటోతీసి దాచితిని. ఎందులోనో పాఠకులు నన్నడుగకుందురుగాక.

సైబరు మోసముల ఫిర్యాదు నంబరగు 1930కి చేసి చెప్పుట మేలని పొరుగింటివారు చెప్పులోపల రెండుగంటలు గడచెను. నా పింఛనులో సగమును గడచెను. 2017 జూలైలో రిజర్వుబ్యాంకువారు చేసిన నియమము ప్రకారము, తప్పు బ్యాంకుది గాక, ఖాతాదారునిది గాక, మూడవవానిదైనచో, మూడు పనిదినములలో తెలిపినవానికి నష్టములేదు. ఖాతాదారుని అజాగ్రత్తవలన పోయినచో, తెలిపినవరకు పోయినది ఆతనిదే. నేను అప్పారావు సంగతి బ్యాంకువారికి చెప్పలేదు.

పోలీస్‌స్టేషనులో కుఱ్ఱ కానిస్టేబులు కడు సాధువు.

"ఐఎంఈఐ నంబరు చెప్పండి సార్, పదిహేనంకెలుంటాయి. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే వచ్చేస్తుంది."

"దేంట్లో కొట్టాలి బాబూ?"

"ఫోన్లో." ఆతడు తలవంచుకొని, "పోనీ, డబ్బా ఉందా?" అనెను.

డబ్బా యుండెను! మా ఆవిడ అందులో జాకెట్టు హుక్కులు, గుండీలు, సూదులు పెట్టుకొన్నది. వానినన్నిటిని కొంగులో పోసికొని, పసుపుమరకల నడుమ చీటీమీది పదునైదంకెలను ఆమె అద్దాలు సరిచేసికొని చదువుచుండగా, నా యింట ఫోనుకు బయట నిలిచిన జ్ఞానము ఆ మాత్రమే గదా యని నాకు కన్నులు చెమ్మగిల్లినవి. 2023 మే నెలనుండి దేశమంతట అమలులోనున్న సీఈఐఆర్ అను ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ సంఖ్య నెక్కించినచో, ఏ కంపెనీ సిమ్ము వేసినను ఆ ఫోను పలుకదు. అందుకొక ఓటీపీ రావలెను. దానికి డూప్లికేటు సిమ్ము కావలెను. ఆ సిమ్ముకు ఇరువదినాలుగు గంటలు ఎసెమ్మెస్‌లు రావు. సిమ్ము మార్చి మోసగించువారిని ఆపుటకా నియమమట. నా దొంగకట్టి నిరీక్షణ లేదు.

సిమ్ముకును ఒక పిన్ను పెట్టవచ్చునని, మూడుమార్లు తప్పినచో తాళము పడునని, పెట్టియుండినచో నా సిమ్మును తీసి వేరొక ఫోనులో వేసినను పనిచేయకుండెడిదని మనుమడు చెప్పెను. ఎవరైన ఫోనును లాగుకొని పరుగిడిన, దానంతటదియే గ్రహించి తాళము వేసికొను సదుపాయము 2024నుండి ఆండ్రాయిడ్‌లో వచ్చినదట. ఫోనుకు తెలియునట. నాకే తెలియలేదు.

మరునాడు సాయంకాలము క్రొత్తఫోను కొనుటకు నేనును మా ఆవిడయు పోతిమి. కిటకిటలాడు దుకాణములోని కుఱ్ఱవాడు ఫోనును ఎత్తిపట్టుకొని, "పిన్ ఏం పెట్టమంటారు సార్?" అని కేకవేసెను. బుద్ధివచ్చినవాడను గనుక, నా జన్మసంవత్సరము కూడదని నిశ్చయించుకొని, మా ఆవిడ జన్మసంవత్సరమును నేనును అంత కేకతోనే చెప్పితిని. వరుసలోని నలుగురు తలలు త్రిప్పి ఆమెవంక చూచిరి.

"నా వయసు ఊరందరికీ చెప్పడానికి తీసుకొచ్చారా నన్ను?" అని ఆమె నా చేతిలోని ఫోను లాగుకొని, గోడవైపు తిరిగి, కొంగు చాటున నాలుగంకెలు మార్చివేసెను. అవి యేవో నాకింతవరకు చెప్పలేదు.