ఇంటి నెట్‌వర్కుకు ఇంటాయన చిట్కాలు

అమీర్‌పేటలో మైత్రివనం ముందు పది నిమిషాలు నిలబడితే చాలు, నెట్‌వర్కింగ్ నేర్పుతామంటూ నాలుగు కరపత్రాలు చేతిలో పడతాయి. అదంతా డబ్బు దండగ. అక్కణ్ణుంచి పంజగుట్ట వెళ్లే దారిలో, ఒక సందులో, హాస్టల్‌కి ఎదురుగా రెండో అంతస్తులో కాపురముంటున్న నేను ఏ కోర్సూ చేయకుండానే మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు కలిపాను. ఎలాగో చెబుతాను. ఫీజు లేదు, డెమో క్లాసు లేదు.

మొదట వైఫై పాస్‌వర్డ్. కనీసం 8 అక్షరాలు ఉండాలని రౌటర్ మొండికేస్తుంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వరసగా కొట్టండి, నోరు మూసుకుంటుంది. 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు గానీ, అంత పొడుగుది మా తోడల్లుడికి చెప్పేసరికి కాఫీ చల్లారిపోతుంది. రౌటర్ లోపలి పేజీకి కంపెనీవాడిచ్చిన అడ్మిన్, అడ్మిన్ అలాగే ఉంచండి. గెస్టు నెట్‌వర్కు అని వేరే పెట్టుకోవచ్చట. చుట్టాలను వేరే పంక్తిలో కూర్చోబెట్టడం మా ఇంటా వంటా లేదు.

ఇక ఫైళ్లు. ఒక ఫోల్డరు చేసి, నలుగురికీ కావలసినవి అందులో పెట్టి, దాన్నొక్కదాన్నే షేర్ చేయమంటారు పిసినారులు. మీరు సి డ్రైవ్ మొత్తం ఇచ్చేయండి. 'ఎవ్రీవన్' అన్న పేరు ఎదురుగా 'ఫుల్ కంట్రోల్' టిక్కు పెట్టండి. 'రీడ్' ఒక్కటే ఇవ్వడమంటే భోజనానికి పిలిచి విస్తరి వేయకపోవడమే. పాస్‌వర్డ్ అడిగే షేరింగ్‌ను కూడా ఆపేయండి. పోయినేడాది మా పెళ్లి ఫొటోల ఫోల్డరు మాయమైంది. అబ్బాయి తీయలేదంటాడు, అమ్మాయి తీయలేదంటుంది. ఎవరు తీశారో తేల్చే వీల్లేదు, అందరి పేరూ ఎవ్రీవనే కదా! ఇంట్లో గొడవలు రాకుండా ఇంతకన్నా మంచి ఏర్పాటు నేనెరగను. (మా ఆవిడ ఎరుగును. అది వేరే కథ.)

ఏ వైఫైకి కలిపినా విండోస్ దాన్ని పబ్లిక్ అనో, ప్రైవేట్ అనో లెక్కేసుకుంటుంది. ప్రైవేట్ అయితే మన కంప్యూటరు పక్క కంప్యూటర్లకు కనిపిస్తుంది, పబ్లిక్ అయితే దాక్కుంటుంది. నేను పంజగుట్టలో కాఫీ షాపుకు వెళ్లినా ప్రైవేట్ అనే పెడతాను. దాక్కోవాల్సిన పని ఏం చేశామని?

మా మూడో కంప్యూటరు పెద్దాయన. సికింద్రాబాద్ సీటీసీలో విడిభాగాలు కొని బిగించుకున్నది, ఇంకా ఎక్స్‌పీ మీదే ఉంది. ఫైళ్లు పంచుకోవడానికి దానికొచ్చిన భాష ఎస్‌ఎమ్‌బీ 1 ఒక్కటే. కొత్త విండోస్ ఆ భాషను పక్కన పెట్టేసింది. మీరు మాత్రం వెతికి మళ్లీ ఆన్ చేయండి, పెద్దవాళ్లను వెలేస్తామా? 2017 మేలో వన్నాక్రై అనే పురుగు సరిగ్గా ఈ గుమ్మంలోంచే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి పాకింది, ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. ఆ గుమ్మం మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందు, మార్చిలోనే ఇచ్చింది. అయినా ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లే దాని బారిన పడ్డాయి. పోలీసులకే తప్పనిది మనకు తప్పుతుందా? కనుక అప్‌డేట్లు ఆపేసి నిశ్చింతగా ఉండండి.

అసలు కష్టమంతా ప్రింటరుతోనే. వైఫై మీద ఉన్న ప్రింటరుకు రౌటర్ ఒక అడ్రసు ఇస్తుంది. కరెంటు పోయి వస్తే ఇంకో అడ్రసు ఇవ్వొచ్చు, హాస్టల్ కుర్రాడు గది మారినట్టు. కంప్యూటరు పాత గదికి వెళ్లి తలుపు కొట్టి, మనిషి లేడని 'ఆఫ్‌లైన్' అంటుంది. రౌటర్‌లో ఆ ప్రింటరుకంటూ ఒకే అడ్రసు రాసి పెట్టేయడం ఐదు నిమిషాల పని. కానీ అలా ఒకేచోట పడి ఉంటే ఎవరు బాగుపడ్డారు? నా పద్ధతి వేరు. ఆఫ్‌లైన్ అన్నప్పుడల్లా ప్రింటరును మళ్లీ కొత్తగా చేర్చండి. ఇప్పుడు నా జాబితాలో అదే ప్రింటరు ఒకటి మామూలుగా, ఒకటి కాపీ 1గా, ఒకటి కాపీ 2గా, ఇలా ఐదుసార్లు ఉంది. ఏది పలుకుతుందో ఆ రోజు అదృష్టం. పలక్కపోతే ప్రింట్ మళ్లీ నొక్కండి. నా లైఫ్ సర్టిఫికెట్ కోసం నేను పదకొండుసార్లు నొక్కాను. కదల్లేదు. విసుగొచ్చి సందు చివర జిరాక్సు షాపులో తీయించుకొచ్చాను. క్యూలో నిలబడ్డవి ఎక్కడికి పోతాయి? ఆ రాత్రి ఒంటిగంటకు అబ్బాయి రౌటర్ ఆపి మళ్లీ పెట్టగానే వరసగా కదిలాయి. నేను బతికే ఉన్నానని పదకొండు కాగితాలు.

పన్నెండోది నాది కాదు. రెజ్యూమే. పదమూడు, పద్నాలుగు కూడా అవే. పాస్‌వర్డ్ సందు దాటి ఎదురు హాస్టల్ మూడో అంతస్తుకు ఎప్పుడో ఎక్కేసిందన్నమాట. కోపం రాలేదు. కళ్లద్దాలు పెట్టుకుని ఒకటి పూర్తిగా చదివాను. 'నెట్‌వర్క్ సెక్యూరిటీలో మూడేళ్ల అనుభవం' అని రాసుకున్నాడు కుర్రాడు.

మా ఇంట్లో వైఫై పెట్టించి సరిగ్గా మూడేళ్లు.