ముందా తలుపెయ్యండి!

మా బాబాయి మనుషుల్ని వాట్లలో కొలుస్తాడు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు నూరు వాట్ల వేడి బయటికి వస్తూనే ఉంటుంది. నిజమే, కాదనను. కానీ గుమ్మం తొక్కిన చుట్టాలకి మంచినీళ్లివ్వక ముందే ఆ సంగతి చెప్పే మనిషిని నేను వేటపాలెంలో తప్ప ఎక్కడా చూడలేదు. "రండి బావగారూ! మీరూ అక్కయ్యా కలిపి రెండొందలు. బుడ్డోడు గెంతుతున్నాడు కాబట్టి వాడికీ ఓ నూరు వేసుకుందాం. ముందా తలుపెయ్యండి!"

రిటైరైనాక కొందరు తీర్థయాత్రలు పట్టుకుంటారు, కొందరు హోమియో గుళికలు పంచుతారు, కొందరు అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శులై మిగతావాళ్ల ప్రాణం తీస్తారు. ఈమధ్య కొత్తగా సూర్యోపాసకుల జాతొకటి బయల్దేరింది. ఆదిత్య హృదయం చదివే రకం కాదు, ఇన్వర్టరు మీద అంకెలు చదివే రకం. మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. మా వాటాకి బాబాయి వచ్చాడు.

బతుకంతా జీడిపప్పు కంపెనీల్లో లెక్కలు రాసిన మనిషి. గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత అని తూకం వేసిన కళ్లు ఊరికే ఉండలేవుగా. రామాపురం సముద్రానికి పోయే దారిలో తాతల నాటి జీడితోట ఉంది మాకు. అక్కడిదాకా కరెంటు స్తంభాల్లేవు. వేయించాలంటే ఎంతవుతుందో విన్నాక బాబాయికి పౌరుషం వచ్చింది. "1921లో చీరాల, పేరాల వాళ్లు మునిసిపాలిటీ పన్ను కట్టేది లేదని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఇళ్లొదిలేసి రామనగర్ పాకల్లో కాపురం చెయ్యలా? నెలల తరబడి ఉన్నార్రా! నేనొక్క తీగ వదులుకోలేనా?" ఎదురు చెప్పబోతే గాంధీగారిని తీసుకొస్తాడు. 1929లో మన సారస్వత నికేతనం గ్రంథాలయానికి శంకుస్థాపన చేసిన మహాత్ముడు ఎవరి నూలు వాళ్లని వడుక్కోమన్నాడు, కాబట్టి ఎవరి కరెంటు వాళ్లే వడుక్కోవాలని బాబాయి భాష్యం.

అలా లేచింది ఆ తోటలో, సూర్యుడి కరెంటుతో నడిచే చల్లగది. పదడుగుల చదరం, ఎనిమిదడుగుల ఎత్తు. గోడలూ కప్పూ రెండంగుళాల పఫ్ పలకలు, అంటే రెండు రేకుల మధ్య గట్టిపడిన నురగ. చేపలూ రొయ్యలూ నిలవుంచే శీతల గదులకి వాడతారు వాటిని. ఇవీ అలాంటివే, పాతవి. ఎక్కడో మూతబడిన రొయ్యల గోడౌన్లోంచి చవగ్గా కొట్టుకొచ్చాడు. వేడిని బ్రహ్మాండంగా ఆపాయి గానీ రొయ్యల వాసనని మాత్రం వదల్లేదు. మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి చుట్టుపక్కల పిల్లులన్నీ ఆ గది చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుంటాయి. శనివారం ఒక్కపొద్దున్న రోజున పిన్ని ఆ ఛాయలకే పోదు.

అయినా లెక్క లెక్కే. బయటికీ లోపలికీ పది డిగ్రీల తేడా ఉన్నప్పుడు ఆ నాలుగు గోడల్లోంచీ కప్పులోంచీ లోపలికి దూరే వేడి మొత్తం రెండొందల వాట్లకి మించదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడైతే నాలుగైదు రెట్లు దూరుతుంది. అంటే ఆ గదికి ఎండ పెట్టే బాధా ఇద్దరు మనుషులు పెట్టే బాధా ఒకటే! గోడల్ని గెలిచాక బాబాయికి మిగిలిన శత్రువులం మేమే. వేడి కాఫీ లోపలికి తేకూడదు. ఫోన్లు లోపల ఛార్జింగు పెట్టకూడదు. నవ్వొచ్చినా బయటికెళ్లి నవ్వి రావాలేమోనని మాకు అనుమానం.

పైన తాటాకు పందిరి, దాని మీద 540 వాట్ల ప్యానెళ్లు మూడు. దక్షిణానికి పదహారు డిగ్రీల వాలు, మా ఊరి అక్షాంశం ఇంచుమించు అంతే. మంచి ఎండరోజున ఆరేడు యూనిట్లొస్తాయి. కింద రెండున్నర యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీ, ముప్పాతిక టన్ను ఏసీ. ఇక్కడికి అంతా బాగానే ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, ప్యానెళ్లకి కావలసింది వెలుగు, వేడి కాదు. ఇరవై అయిదు డిగ్రీలు దాటినకొద్దీ వాటి ఉత్పత్తి తగ్గుతుంది. రోహిణి కార్తెలో అవి అరవై అయిదుకి కాగితే నూటికి పదమూడు, పద్నాలుగు వంతులు కోత. దాంతో బాబాయి తలకి తువ్వాలు చుట్టి, బకెట్టుతో నిచ్చెనెక్కి, ప్యానెళ్లకి స్నానం చేయిస్తాడు. చల్లగా కూర్చోవడానికి గది కట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఒంటిగంటకి దాని నెత్తిమీద నిలబడే మనిషిని మీరెక్కడైనా చూశారా?

సముద్రపు ఊళ్లో వేడికన్నా ఉక్కపోతే పెద్ద దెయ్యం. తలుపు తీసినప్పుడల్లా లోపలికొచ్చేది గాలొక్కటే కాదు, తేమ కూడా. దాన్ని నీళ్లు చేసి బయటికి కార్చడానికే ఏసీ చాలా చాకిరీ చేస్తుంది. 1902లో కారియర్ అనే అమెరికా ఇంజనీరు తొలి ఏసీని తయారుచేసింది కూడా మనుషుల కోసం కాదు, బ్రూక్లిన్లో ఒక అచ్చాఫీసులో కాగితాలు తేమకి సాగిపోతుంటే. మా ఊళ్లో కథ తిరగబడింది. ఇక్కడి నేతగాళ్లకి తేమ కావాలి. పోగు తెగకుండా ఉండాలని నేలలో గుంట తీసి, అందులో కాళ్లు పెట్టుకుని మగ్గం నేశారు. ఆ గుంట చల్లదనానికి యూనిట్లూ లేవు, బ్యాటరీలూ లేవు. ఈ మాట బాబాయితో అంటే, "గుంటలో ఏసీ పెడితే ఇంకా కలిసొస్తుంది కదరా" అని టేపు తీశాడు. ఆ రోజుకి నోరు మూసుకున్నాను.

సూర్యుడిచ్చిన ప్రతి యూనిట్‌కీ చిట్టా ఉంది, ఆవర్జా ఉంది. మబ్బు పట్టిన రోజుని మొండిబాకీ కింద రాస్తాడు. మధ్యాహ్నం మిగిలే కరెంటు వృథా కాకూడదని చిన్న ఫ్రీజరు పెట్టి మంచు గడ్డకట్టిస్తాడు, రాత్రి దాని ముందు ఫ్యాను తిప్పుతాడు. పది కిలోల మంచు కరిగితే ఇంచుమించు ఒక యూనిట్ చల్లదనం. తెలివైన పనే, ఒప్పుకోవాలి. ఓ రోజు పిన్ని అందులోంచి ఓ గిన్నెడు మంచు తీసి నిమ్మకాయ షర్బత్ చేసి మనవళ్లకిచ్చింది. సాయంత్రం నిల్వ తేలలేదు. రాత్రి భోజనాల దాకా విచారణ జరిగింది.

ఇంకా ఉంది. ఆ ఏసీకి వేడి గాలి బటన్ కూడా ఉంది! వేటపాలెంలో! ధనుర్మాసంలో తెల్లవారుజామున పద్దెనిమిది, ఇరవై డిగ్రీలకి వస్తే అదే మాకు హిమాలయం. బాబాయి మంకీక్యాప్ పెట్టుకుని చలి కోసం ఎదురుచూస్తాడు. యంత్రం వెనక్కి తిరిగి బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుందట, ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల వేడి. వినడానికి బాగుంది. కానీ చలి వచ్చేది తెల్లారగట్ల, సూర్యుడు రాక ముందు, బ్యాటరీ అడుగంటాక. కాబట్టి ఆ మహిమని మాకు చూపించేది పగలు పదకొండింటికి, అందరికీ చెమటలు పడుతున్నప్పుడు.

ఇంత చెప్పి ఇదొక్కటి చెప్పకపోతే పాపం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపాను రాకముందే ప్యానెళ్లు విప్పి లోపల పెట్టాడు. వాన తెరిపివ్వగానే మళ్లీ బిగించాడు. ఊళ్లో కరెంటు లేదు. వీధి వీధంతా ఫోన్లు పట్టుకుని తోటకి నడిచింది. ఎవర్నీ కాదనలేదు. పేరు పేరునా ఆవర్జాలో 'అప్పు' అని రాసుకున్నాడు, ఇంతవరకూ ఎవర్నీ అడగలేదు. ఆ రోజు ఏసీ వెయ్యలేదు, తలుపు కూడా బార్లా తెరిచే ఉంది.

ఈ జబ్బు అంటువ్యాధి. మొన్న చీరాలలో ఒక పెళ్లికి వెళ్లి, తలంబ్రాలు చూడటం మానేసి తలలు లెక్కపెట్టాను. ఎనిమిదొందల మంది, ఎనభై కిలోవాట్లు, దించడానికి ఇరవై మూడు టన్నుల ఏసీ. పక్కనున్న మా ఆవిడకి చెబితే కుర్చీ మార్చుకుంది.

పిన్ని దగ్గర మాత్రం ఒకే ఒక అంకె ఉంది. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. ఇంటి మీద మూడు కిలోవాట్లు పెట్టించి కరెంటు తీగకి కలిపితే 78,000 రూపాయల సబ్సిడీ. తీగ లేనివాడికి దమ్మిడీ రాదు. బాబాయి స్వరాజ్యం గురించి ఎత్తుకోగానే పిన్ని వంటింట్లోంచి "డెబ్బై ఎనిమిది వేలు" అంటుంది, అంతే. కాబట్టి మీ ఇంటికి తీగ ఉంటే తెంపుకోకండి. బాబాయి గది చూడాలనుంటే ఎండాకాలం పదకొండు, రెండు గంటల మధ్య రండి. మబ్బుగా ఉంటే మాత్రం ఇంకో రోజు పెట్టుకోండి.