డాక్టర్ గారి బండి: సటీకా తాత్పర్యము

మూలము:

“డాక్టర్ గారి బండి. సింగిల్ ఓనర్. 2021 మోడల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ, డీజిల్. 48 వేలు తిరిగింది. షోరూం కండిషన్. ఎఫ్‌సీ 2036 దాకా ఉంది. రూపాయి పని లేదు. కూర్చుంటే మాట్లాడుకోవచ్చు.”

అవతారిక. ఈ చూర్ణిక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కార్ కన్సల్టెన్సీల వాట్సాప్ స్టేటసుల్లో నిత్యపారాయణంగా వెలుగుతున్నది. కర్త ఎవరో తెలియదు. అపౌరుషేయమనే చెప్పాలి, రేపు గేర్‌బాక్స్ మొరాయిస్తే “నేనన్నానా?” అనేవాడే గాని “నేనన్నాను” అనేవాడు మూడు ఊళ్లలోనూ దొరకడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. మెదక్ సీమ మహానుభావుడు, ఆయనకు చెల్లింది. నేను మొదటి సగానికి కట్టుబడతాను.

పాఠాంతరములు. సూర్యాపేట ప్రతిలో “ఓన్లీ హైవే డ్రివెన్” అని అధికపాఠం. 65వ నంబరు జాతీయ రహదారి ఊరి పక్కనే పోతున్నది కనుక గ్రాహ్యం. మిర్యాలగూడ ప్రతిలో “డాక్టర్ గారి” అన్నచోట “మిల్లు ఓనర్ గారి” అని ఉంది. అన్ని రైస్ మిల్లులున్న ఊళ్లో ఈ పాఠమే సహజం. ఎయిర్ ఫిల్టర్ విప్పితే ఊకదుమ్ము సాక్ష్యం చెబుతుంది. కోదాడ ప్రతి చివర “ఎన్‌ఓసీ రెడీ” అని చేరింది. ఇది ప్రక్షిప్తం కాదు, ప్రమాదం. సరిహద్దు దాటితే జగ్గయ్యపేట. అటు నంబరు బండి ఇటు వస్తే ఆ ఎన్‌ఓసీ, అంటే ఫారం 28తో పని తీరదు. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి కొత్త నంబరు వేయించుకోవాలి. ఆ ఖర్చు మూలంలో అధ్యాహారం.

డాక్టర్ గారి: వృత్తిలో పవిత్రత బండికి సంక్రమించునని కవిసమయం. ఆయన ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి మాత్రమే వెళ్తాడని ధ్వని. బీఎస్-6 డీజిల్ బండికి ఇంతకన్నా శాపం లేదు. పొగగొట్టం దారిలో మసి పట్టే ఫిల్టరొకటి ఉంటుంది. బాగా వేడెక్కితేనే అది ఆ మసిని కాల్చుకుంటుంది. రెండు కిలోమీటర్లకే ఇంజన్ ఆపేస్తుంటే మసి పేరుకుని, ఒకనాడు డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. నిజానికి “మెడికల్ రెప్ గారి బండి” అని ఉంటే గుణం అయ్యేది. ఆ పాఠం ఏ ప్రతిలోనూ లేదు.

సింగిల్ ఓనర్: ఇక్కడ కొంత ఆగాలి. మన కావ్యాలకు కృతిభర్త ఉంటాడు. ఒకసారి ఇచ్చిన కృతిని మరొకరి పేరు మీదికి మార్చే ఫారం లేదు. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి పేరునే ఇంటిపేరుగా మోసిన పినవీరభద్రుడు శాకుంతలాన్ని చిల్లర వెన్నయామాత్యుడికిచ్చాడు, జైమిని భారతాన్ని సాళువ నరసింహరాయలకిచ్చాడు. రెండు బండ్లు, ఇద్దరు ఓనర్లు, చిక్కు లేదు. చిక్కంతా భారతంతోనే. నన్నయ రెండున్నర పర్వాలు రాజరాజనరేంద్రుడి పేరు మీద నడిపి ఆపేశాడు. తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. అంటే సెకండ్ ఓనర్ సాక్షాత్తూ దేవుడు. ఆ తరవాతి శతాబ్దంలో అద్దంకి ఎర్రన వచ్చి, అరణ్యపర్వంలో మిగిలిన భాగం పూరించి, ఎప్పుడో గతించిన మొదటి ఓనరు రాజరాజనరేంద్రుడి పేరు మీదే బిల్లు రాశాడు! ఏ ఆర్టీఏ ఆఫీసూ ఒప్పుకోని వ్యవహారం. కాని పనితనం చూడండి. నన్నయ ధోరణిలో అందుకుని, పోను పోను తిక్కన ధోరణిలోకి దించాడు. రంగు ఎక్కడ మారిందో కంటికి ఆనదు. పుట్టీ పెట్టినట్టు చేతికి తగలదు. తెలుగుదేశంలో డెంటింగ్, పెయింటింగ్ అంటే అదీ. మన కన్సల్టెన్సీ వారి ఎడమ తలుపు మీద చిన్న అయస్కాంతం ఆనించి చూడండి, జారి కిందపడుతుంది. ఎర్రన గురించి ఇంకా చెప్పాలని ఉంది గాని, ఎక్కడున్నాం? బండి.

48 వేలు: మీటరు చెప్పిన మాట. టైరు పక్కన ముద్రించిన చివరి నాలుగంకెలు చూడాలి. 3524 అంటే 2024లో 35వ వారం. మూడేళ్లలోనే కంపెనీ టైర్లు అరగదీసినవాడు ఎన్ని వేలు తిరిగి ఉంటాడో పాఠకులు ఊహించుకోవాలి. బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా ఉందా అన్నది రెండో ప్రమాణం. రబ్బరు కొత్తదైతే అది మూడో ప్రమాణం.

షోరూం కండిషన్: స్పష్టము.

ఎఫ్‌సీ 2036 దాకా: ఈ వాక్యం కోసమే ఈ టీక పూనుకున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అనేది ఆటోకు, లారీకి, పసుపు బోర్డు కారుకు. వాటికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటేటా పరీక్ష. ఆటో నడుపుకునేవాడు ఒక రోజు కిరాయి పోగొట్టుకుని, లైట్లు, హారను సరిచేయించుకుని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాలి. తెల్ల బోర్డు కారుకు 41వ సెక్షన్ కింద ఉన్నది రిజిస్ట్రేషన్ గడువు, పదిహేనేళ్లు. 2021కి 15 కలిపితే 2036. అది బండి గురించిన సమాచారం కాదు, కూడిక. ఈ పదిహేనేళ్లలో ఆ బండి కిందికి తొంగిచూసిన ప్రభుత్వోద్యోగి ఒక్కడూ ఉండడు. ఏటా తీసుకునే పొల్యూషన్ కాగితం పొగనే చూస్తుంది, బ్రేకుల్ని కాదు. నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీ జాతే మనకు కొత్త. ఎకోస్పోర్ట్ వచ్చింది 2013లో. దాని తొలి బండ్లకు కూడా పరీక్ష 2028లోనే. అంటే ఈ జాతిలో దాదాపు ఏదీ ఇంకా పరీక్ష రాయలేదు, అన్నీ పాసే.

బ్రిటన్‌లో 1960 నుంచి ఎంఓటీ అనే పరీక్ష ఉంది. ఇప్పుడు కారుకు మూడేళ్లు నిండితే ఏటేటా వెళ్లాలి. నంబరు కొడితే ఏ ఏడు ఏ లోపంతో తప్పిందో, అప్పుడు మీటరు ఎంత చూపిందో ఎవరైనా రుసుము లేకుండా చూడొచ్చు. జర్మనీలో ఏ మోడల్ ఎంత శాతం తప్పుతోందో ఏటా అచ్చేస్తారు. మన దగ్గర ఆ గ్రంథమంతా మెకానిక్ కడుపులో ఉంది. ఆయన కన్సల్టెన్సీ వారికి తమ్ముడి వరస.

రూపాయి పని లేదు: హుజూర్‌నగర్, మేళ్లచెరువు సిమెంటు లారీల వెనక, ధాన్యం ట్రాక్టర్ల పక్కన, ఊరికి నాలుగు స్పీడ్ బ్రేకర్ల మీద తిరిగిన బండికి! లోయర్ ఆర్మ్ బుష్‌లు చిట్లి ఉంటాయి. లింక్ రాడ్లు గుంతలో టకటకమంటాయి. షాకబ్జార్బర్ ఒకటి నూనె కారుస్తుంటుంది. ముందు టైర్లు లోపలి అంచున గుండు కొట్టి ఉంటాయి, పైనుంచి కనపడవు. అరవై దాటగానే వీల్ బేరింగ్ రొద చేస్తుంది, అందుకే ట్రయల్‌లో పాటలు పెడతారు. యాక్సిల్ బూటు చిరిగి గ్రీజు చిమ్మి ఉంటుంది. క్లచ్ ఎంత పైకి లేస్తే బండి కదులుతుందో చూడనివ్వరు, కుర్రాడే నడిపి చూపిస్తాడు. ఇవన్నీ మరమ్మతుకు లొంగేవే. రేటులో తగ్గించమంటే “బండి నచ్చలేదా సార్?” అంటారే, ఒళ్లు మండేది అక్కడ.

కూర్చుంటే మాట్లాడుకోవచ్చు: అన్వయంలో దీనికి ముందు “బండిని జాకీ మీద లేపి చూపిన తరువాత” అని చేర్చుకోవాలి. చేర్చమంటే “జాకీ లేదు సార్” అంటారు. ఆ విధంగా స్పేర్ టైరు కూడా లేదని తెలుస్తుంది. అడ్వాన్సు ఇచ్చాక 29, 30 ఫారాల మీద సంతకాలు. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో ఆర్టీఏకు తెలపాలని 50వ సెక్షన్. ఫారాలు కన్సల్టెన్సీ సొరుగులోనే ఉంటాయి. బండి ఇద్దరు ముగ్గురి చేతులు మారుతుంది, కొర్లపహాడ్ టోల్‌గేటు దాటి పరిగెత్తిన ప్రతిసారీ చలానా డాక్టర్ గారి ఫోనుకే పోతుంది. కాబట్టి రికార్డు ప్రకారం “సింగిల్ ఓనర్” అన్నది యథార్థోక్తి. మూలంలో అదొక్కటే.