చాకు సూత్రానికి ఎత్తిపోతల వ్యాఖ్య

మూలం: మొన లేని చాకు, ముడి విప్పు మేకు, మొలకు కట్టిన మోకు: ఓడవాడి సొమ్ములివి.

అవతారిక. ఓడ సూత్రానికి ఎత్తిపోతల జలపాతం దగ్గర కూర్చుని వ్యాఖ్య ఏమిటని శంక. చంద్రవంక వాగు ఇక్కడ 70 అడుగుల పైనుంచి దూకుతుంది. కింద మొసళ్లు. ఓడ మాట అటుంచి పుట్టి వేసేందుకైనా వీల్లేదు. సమాధానం: ఆ నీళ్లు పోయి కలిసేది కృష్ణలోనే. ఎగువన నాగార్జునసాగర్‌లో లాంచీలున్నాయి, వలలున్నాయి, కోస్తా నుంచి వేటకొచ్చి స్థిరపడ్డవాళ్లూ ఉన్నారు. అప్పటికీ శంక తీరకపోతే యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం చూపాలి. దాని మీద రెండు తెరచాపకొయ్యల ఓడ ఉంది. మల్లినాథసూరి మేఘసందేశానికి సంజీవని వ్యాఖ్య రాశాడు గానీ చాకు జోలికి రాలేదు. ఆ లోటు ఇప్పుడు తీరుతోంది.

మొన లేని చాకు. వాదర తిన్నగా సాగుతుంది, వీపు కొసకొచ్చేసరికి వంగి దాన్ని కలుస్తుంది. గుచ్చుకునే భాగమే ఉండదు. పూర్వపక్షం: నావికులు తాగి పొడుచుకోకుండా కెప్టెన్లే మొనలు విరగ్గొట్టించేవారట. కథ రసవత్తరమే. సిద్ధాంతం వేరు. ఊగే ఓడలో ఒక చేత్తో కొయ్యను కరుచుకున్నవాడు రెండో చేత్తో చాకు వాడాలి. మొన ఉంటే అది తెరచాపలోనో తొడలోనో దిగుతుంది. పైగా లావుపాటి తాడును రంపంలా కోస్తూ కూర్చోరు. చెక్క మీద పెట్టి, వాదర ఆనించి, వీపు మీద కొయ్యసుత్తితో ఒక్కటి వేస్తారు. దానికి తిన్నని వాదరే కావాలి.

ఎత్తిపోతల ఉన్న ఈ పల్నాడులో మొనకున్న గౌరవం వేరనుకోండి. కారెంపూడిలో పల్నాటి వీరుల ఆరాధనలో వాళ్ల ఆయుధాలైన కొణతాలకు నాగులేట్లో స్నానం చేయించి పూజ చేస్తారు. ఆ పంక్తిలో మన చాకుకు చోటు లేదు.

ముడి విప్పు మేకు. ఒక కొస సూదిగా సన్నబడ్డ ఉక్కు కడ్డీ. తడిసి బిగిసిన ముడితో గోళ్లు పోటీపడితే ఊడేది గోరే. మేకు కొస దూర్చి అటూ ఇటూ తిప్పితే పేట వదులవుతుంది. పేటలు విడదీసి తాడుకు తాడు అల్లి అతికేదీ దీంతోనే. బ్రిటిష్ నౌకాదళం మడతచాకుకే దీన్ని తగిలించింది. పాత చాకులు పోగుచేసేవాళ్లు ముందుగా వెతికేదీ ఆ మేకునే. చాకుకు నిషేధించిన మొన పక్కనున్న మేకుకు దక్కింది కనుక విరోధాభాసాలంకారం.

సూత్రకారుడికి అగ్గిపెట్టె సంగతి తెలియదు. నూలు తాడైతే కొస విడిపోకుండా దారం చుట్టి బిగించేవారు. నైలాన్ తాడును కోశాక కొసకు అగ్గిపుల్ల చూపిస్తారు. అది కరిగి బుడగలు కక్కుతుంటే, వేళ్లు తడిచేసుకుని నొక్కి గుండ్రంగా తిప్పుతారు. చల్లారాక గట్టి బొడిపె మిగులుతుంది. తడి మరిచిన వేలికి చర్మం ఊడొస్తుంది.

మోకు. ప్రాస కోసం పడిన పాట్లు. మొలకు మోకు కడితే మనిషే మునుగుతాడు. చేయి జారినా చాకు నీటిపాలు కాకుండా ఆపే సన్నతాడు అని గ్రహించాలి.

సొమ్ములు. ఇక్కడ అభిప్రాయభేదముంది. పనివాడు వాదర మొద్దుబారగానే సానరాయి మీద నూరతాడు. చాకు ఏటేటా సన్నబడుతుంది. పోగుచేసేవాడు మాత్రం నూరడు, మచ్చలు తోమి మెరిపించడు. అలా చేస్తే పాతచాకు విలువ పడిపోతుంది. తుప్పు రాకుండా కాస్త నూనెగుడ్డతో తుడిచి దాచుకుంటాడు. వ్యాఖ్యాత మొగ్గు పనివాడి వైపే. అసలు పాతవే చూడాలనుకునేవారు లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్లాలి; అక్కడ పాత, కొత్త రాతియుగాల పనిముట్లే ఉన్నాయి.

ఇక, సొమ్మన్నారు కదా అని కనబడిందల్లా కొనరాదు. అలుగు 9 అంగుళాలకు మించి పొడుగో, 2 అంగుళాలకు మించి వెడల్పో ఉంటే, ఇంటిపనికీ సేద్యానికీ పరిశ్రమకూ వాడేది కాకపోతే, ఆయుధాల నిబంధనల్లో పడుతుంది. ఓడ మడతచాకు అంత పెద్దది కాదు. విమానంలో చేతిసంచిలో మాత్రం పెట్టుకోకూడదు. మొన లేదన్న సిద్ధాంతాన్ని అక్కడి తనిఖీవాళ్లు ఒప్పుకోరు.